సుంకం భారం చివరకు ఎవరిపై? గోఖలే ఎత్తిన ప్రశ్న

1902 మార్చి 26న కలకత్తాలో ఇంపీరియల్ శాసన మండలి బడ్జెట్‌పై చర్చ జరిపింది. ఖజానాలో కోట్ల రూపాయల మిగులు ఉన్నందుకు ఆర్థిక సభ్యుడు సర్ ఎడ్వర్డ్ లాను సభ్యులు అభినందిస్తున్న తరుణంలో, బొంబాయి నుంచి కొత్తగా ఎన్నికైన 35 ఏళ్ల సభ్యుడు లేచి ఆ అభినందనలలో తాను పాలుపంచుకోలేనని ప్రకటించారు. కరవు, ప్లేగు దేశాన్ని పీడించిన సంవత్సరాలలో ఖజానా నిండడం ప్రజల సంపదకు గుర్తు కాదని, అవసరానికి మించి పన్నులు వసూలు చేస్తున్నారనడానికి అది రుజువని ఆయన వాదించారు. ఆ సభ్యుడు గోపాలకృష్ణ గోఖలే.

గోఖలే 1866 మే 9న రత్నగిరి జిల్లా కోట్లుక్ గ్రామంలో జన్మించారు. పదమూడవ ఏట తండ్రి మరణించగా, అన్న గోవిందరావు చదువు మాని ఉద్యోగంలో చేరి, 15 రూపాయల నెల జీతంలో 8 రూపాయలు తమ్ముని చదువుకు పంపేవారు. సుంకాల లెక్కలలో పేదవాని కుటుంబ వ్యయాన్ని గోఖలే ఎన్నడూ మరువకపోవడానికి ఈ అనుభవమే కారణం కావచ్చు. 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టా పొంది, అనంతరం పుణేలో ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. ఫెర్గూసన్ కళాశాలలో గణితం, ఆంగ్ల సాహిత్యం, అర్థశాస్త్రం బోధించారు. ఆయన రాసిన అంకగణిత పాఠ్యపుస్తకం బహుళ ప్రచారం పొందింది. ప్రభుత్వ నివేదికలలోని అంకెల వెనుక అసలు విషయాన్ని వెలికితీసే విద్యను మాత్రం ఆయన జస్టిస్ మహాదేవ గోవింద రానడే వద్ద అభ్యసించారు. 1897లో భారత ప్రభుత్వ వ్యయంపై ఏర్పడిన వెల్బీ కమిషన్ ఎదుట లండన్‌లో సాక్ష్యమిచ్చిన నాటికి ఆయన వయస్సు 30 ఏళ్లే.

శాసన మండలిలో ఆయన ప్రధానంగా దాడి చేసింది ఉప్పు సుంకంపై. 1888లో ప్రభుత్వం మణుగు ఉప్పుపై సుంకాన్ని 2 రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు పెంచింది. ఇక్కడ మణుగు అంటే సుమారు 37 కిలోలు. సరుకు తయారీకి అయ్యే ఖర్చు కంటే సుంకమే అనేక రెట్లు అధికం. ధనికుడూ కూలీవాడూ దాదాపు ఒకే పరిమాణంలో వాడే వస్తువు కనుక ఆదాయంతో పోల్చినప్పుడు భారమంతా కూలీవానిపైనే పడుతుందని, సుంకం పెరిగిన తరువాత ఉప్పు వినియోగం జనాభాతో సమానంగా పెరగడం లేదని గోఖలే గణాంకాలతో నిరూపించారు. మండలికి ఆనాడు బడ్జెట్‌పై ఓటు చేసే అధికారం లేదు. సభ్యులకు ఉన్నది మాట్లాడే హక్కు ఒక్కటే. అయినప్పటికీ 1903లో సుంకం 2 రూపాయలకు, 1905లో ఒకటిన్నర రూపాయికి, 1907లో రూపాయికి దిగింది. ఈ ఘనత అంతా గోఖలేదేననడం అతిశయోక్తి అవుతుంది. మిగులు ఉన్నందున తగ్గింపు ప్రభుత్వానికి కష్టం కాలేదు. అయితే ఏ పన్నును ముందు తగ్గించాలన్న విషయంలో ఆయన వాదన బలంగా పనిచేసిందనడంలో సందేహం లేదు. సుంకం తగ్గిన కొద్దీ ఉప్పు వినియోగం పెరిగింది.

వస్త్రాల విషయంలో ఆయనకు ఫలితం దక్కలేదు. 1896లో విదేశీ వస్త్రాలపై మూడున్నర శాతం దిగుమతి సుంకం విధించిన ప్రభుత్వం, లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడికి తలొగ్గి భారతీయ మిల్లు వస్త్రాలపై కూడా అంతే ఎక్సైజు సుంకం విధించింది. మన మిల్లులు నేసే ముతక గుడ్డకూ లాంకషైర్ సన్న వస్త్రానికీ నిజానికి పెద్దగా పోటీ లేదు. ముతక గుడ్డ కట్టేది పేదవాడు. మాంచెస్టర్ సంతృప్తి కోసం ఆ పేదవాడు ధర ఎక్కువ పెట్టవలసి రావడం అన్యాయమని గోఖలే పలుమార్లు విమర్శించారు.

1911 మార్చిలో విదేశీ పంచదారపై దిగుమతి సుంకం పెంచాలన్న ప్రతిపాదన మండలి ముందుకు వచ్చింది. జావా పంచదార వెల్లువెత్తి దేశీయ పరిశ్రమ దెబ్బతింటున్న రోజులవి. రక్షణ సుంకాలను సమర్థించిన రానడే శిష్యుడు తప్పక మద్దతు ఇస్తాడని పలువురు భావించి ఉంటారు. గోఖలే మద్దతు ఇవ్వలేదు. రక్షణలో మంచి రక్షణ, చెడు రక్షణ అని రెండు రకాలు ఉన్నాయని ఆయన వివరించారు. ఎదిగే పరిశ్రమకు చేయూతనిస్తూ, పలుకుబడి గల వర్గాలు కూటమి కట్టి ప్రజలను దోచుకోకుండా జాగ్రత్త వహించేది మొదటిది. ప్రజలకు జవాబుదారీ కాని ప్రభుత్వం చేతిలో రక్షణ రెండవ రకంగా మారుతుందని, సుంకం పెంచితే ముందుగా ధర పెరిగేది వినియోగదారునికేనని ఆయన భయం. ఆనాటి పరిస్థితులలో స్వేచ్ఛా వాణిజ్యమే క్షేమమని తేల్చారు. పరిశ్రమాభివృద్ధిని కోరే స్వదేశీవాదులకు ఈ వైఖరి రుచించకపోవడం సహజమే. దేశం తన సుంకాలను తానే నిర్ణయించుకోగల రోజు వస్తే ఆయన ఏమనేవారో చెప్పలేము.

1912లో దక్షిణాఫ్రికా పర్యటనలో సైతం ఆయన ముందుకు వచ్చింది పన్ను సమస్యే. నేటాల్‌లో ఒప్పందం ముగిసిన భారతీయ కూలీలు ఏటా 3 పౌన్ల తలపన్ను చెల్లించవలసి ఉండేది. వారిలో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువారు ఎందరో ఉన్నారు. పన్ను రద్దుకు మంత్రులు హామీ ఇచ్చారని గోఖలే తెలియజేయగా, అటువంటి హామీ ఏదీ లేదని అక్కడి ప్రభుత్వం తరువాత ఖండించింది. 1913లో గాంధీజీ నాయకత్వాన కూలీలు సమ్మెకు దిగారు. 1914లో పన్ను రద్దయింది.

మధుమేహంతో క్షీణించిన గోఖలే 1915 ఫిబ్రవరి 19న పుణేలో 48వ ఏట కన్నుమూశారు. మిల్లు వస్త్రాలపై ఎక్సైజు సుంకం 1926లో రద్దయింది. ఉప్పు సుంకాన్ని 1923లో వైస్రాయి లార్డ్ రీడింగ్, కేంద్ర శాసనసభ నిరాకరించినప్పటికీ తన ప్రత్యేకాధికారంతో మళ్లీ రెండున్నర రూపాయలకు పెంచారు. మరుసటి ఏడాది దానిని రూపాయి పావలాకు తగ్గించవలసి వచ్చింది. పూర్తిగా తొలగినది 1947 ఏప్రిల్ 1న.