విశాఖ వేధశాల: అంకితం వెంకట నరసింగరావుగారు

విశాఖపట్టణమున డాబాగార్డెన్సు అను పేట కలదు. నేడచట అంగళ్లును జనసమ్మర్దమును దప్ప వేరేమియు గానరాదు. కాని పందొమ్మిదవ శతాబ్దమున అచటి యొక భవనమునుండి తెలుగువారు గ్రహగతులను గొలిచి, ఆ లెక్కలను లండను విద్వత్సభకు పంపుచుండిరి. వారిలో ముఖ్యులు అంకితం వెంకట నరసింగరావుగారు.

వారి కథకు మొదలు మామగారియొద్ద నున్నది. గోడే వెంకట జగ్గారావుగారు (1817–1856) సంపన్నులు. భోగములను గాక గణితమును గోరి, చెన్నపట్టణమునకు బోయి, కంపెనీవారి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు టేలరుదొరకడ శిష్యరికము చేసిరి. 1840 ప్రాంతమున స్వగృహముననే వేధశాలను నెలకొల్పిరి. నలువదియేండ్లు నిండకయే కన్నుమూసిరి.

నరసింగరావుగారు 1827లో జన్మించిరి. జగ్గారావుగారి కుమార్తె అచ్చయ్యమ్మగారిని వివాహమాడిరి. వారు సర్కారు కొలువున నుండిరి. మామగారి మరణముతో ఆ వేధశాల అనాథ యయ్యెను. దూరదర్శినిని గుడ్డకప్పి భద్రపరచిన నది యాస్తిగా మిగులును. రాత్రిరాత్రి కంటికి జేర్చిననే విద్యగా నిలుచును. ఈ భేదము నెరిగిన నరసింగరావుగారు ఉద్యోగమును విడిచి, వేధశాల భారమును తలకెత్తుకొనిరి.

1868లో సూర్యగ్రహణమును, బుధుడు రవిబింబము మీదుగ సాగుటను వారు పరిశీలించిరి. 1871లో లండను రాజకీయ ఖగోళ సంఘమువారు వారిని సభ్యునిగ గైకొనిరి. ఆకాశమునే గాక, వానను, గాలిని, ఉష్ణమును సైతము ఆ వేధశాలలో నిత్యము గుర్తించుచుండిరి.

వారి జీవితమున మరపురాని దినము 1874 డిసెంబరు 9. ఆ యుదయము శుక్రుడు చిన్న నల్లచుక్కవలె సూర్యునిపై నడచెను. భూమిపై వేరువేరు చోట్లనుండి చూచువారికి శుక్రుని దారి కొంచెము వేరుగ దోచును. ఆ వ్యత్యాసమునుండి సూర్యుని దూరమును గణింపవచ్చును. అందుకై ప్రపంచమంతట పండితులు వేచియుండిరి. నరసింగరావుగారు విశాఖనుండి కాలమును గుర్తించి, తమ ఫలితమును లండనుకు పంపిరి. 1882లో అట్టి సంఘటన మరల జరిగెను గాని, అప్పటికి మనదేశమున సూర్యుడస్తమించెను. మనకు మరల కానవచ్చుట 2004లోనే. నాడు మబ్బు క్రమ్మినను, చేయి తడబడినను, వారికి వేరొక యవకాశము లేకుండెను. ఏండ్ల యభ్యాసము ఆ కొన్ని గంటలకై వారిని సిద్ధపరచెను.

1892లో వారు పరమపదించిరి. పిదప అచ్చయ్యమ్మగారును, కుమారులు జగ్గారావుగారును ఆ కృషిని సాగించిరి. నేడా వేధశాల లేదు. అయినను ఆనాటి యంకెలు పాత సంపుటములలో నిలిచియున్నవి. ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక్కరాత్రి మేడమీదికి దోడ్కొనిపోయి, చూచినదానిని వేళతోసహా వ్రాయించిన చాలును. ఆ మహనీయుని విద్యకు వారసులు కలిగినట్లే.