డేరాలు కుట్టిన చేతులు

అపొస్తలుడైన పౌలు అనగానే మనకు ఆయన రాసిన పత్రికలు, చేసిన ప్రయాణాలు, అనుభవించిన చెరసాలలు గుర్తొస్తాయి. ఆ ప్రయాణాలకు ఖర్చులెలా వెళ్లాయన్న ప్రశ్న మాత్రం మనకు అంతగా తట్టదు. ఆ రోజుల్లో మిషనరీ సొసైటీలు లేవు. నెలనెలా జీతం పంపే సంస్థ లేదు. అయినా సిరియాలోని అంతియొకయ మొదలుకొని ఆసియ, మాసిదోనియ, అకయ, చివరికి రోము దాకా ఆయన వేల కిలోమీటర్లు తిరిగాడు. ఓడ కిరాయి, బస, తిండి, బట్ట ఇవన్నీ ఎలా సమకూరాయి? చాలావరకు ఆయన చేతులే సమకూర్చాయి. పౌలు డేరాలు కుట్టేవాడు (అపొ.కా. 18:3).

పౌలు పుట్టింది కిలికియలోని తార్సు పట్టణంలో. అది నేటి టర్కీ దేశపు దక్షిణ తీరానికి దగ్గరలో ఉంది. మేక వెంట్రుకలతో నేసే ముతక గుడ్డకు కిలికియ ఎంత పేరు పొందిందంటే, రోమీయులు ఆ గుడ్డను ఆ ప్రాంతం పేరుతోనే పిలిచేవారు. పౌలు పుట్టుకతోనే రోమా పౌరుడు. యెరూషలేములో గమలీయేలు పాదాల దగ్గర ధర్మశాస్త్రం చదివినవాడు. అంతటి చదువరికి సూదీ దారంతో పనేమిటని మనకనిపించవచ్చు. కాని కొడుక్కి ధర్మశాస్త్రంతోపాటు ఏదో ఒక చేతిపని నేర్పించడం తండ్రి బాధ్యతేనని యూదు బోధకులు చెప్పేవారు. దేవుని వాక్యాన్ని బతుకుతెరువుగా మార్చుకునే అవసరం రాకూడదన్నది అందులోని మంచి ఉద్దేశం.

దమస్కు మార్గంలో యేసుప్రభువు ఆయన్ను పట్టుకున్నాక పౌలు జీవితమంతా మారిపోయింది. కాని చిన్నప్పుడు నేర్చిన పని వృథా కాలేదు. దాన్ని కూడా ప్రభువు తన పనికి వాడుకున్నాడు. రైతు తన పొలాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరగలేడు. వర్తకుడు సరుకు వదిలి వెళ్లలేడు. డేరాలు కుట్టేవాడికి ఆ బాధ లేదు. సూది, ఆరె, కత్తి, దారం చిన్న సంచిలో పడతాయి. తోలైనా, ముతక గుడ్డ అయినా ఏ ఊరి సంతలోనైనా దొరుకుతుంది. సైనికులకు, బాటసారులకు, అంగళ్ల ముందు నీడ వేసుకునే వర్తకులకు డేరాల అవసరం ఎక్కడైనా ఉంటుంది. చలికాలంలో మధ్యధరా సముద్రం మీద ఓడలు దాదాపుగా నడిచేవి కావు. అలా ఒకచోట నెలల తరబడి ఆగిపోయినా తన కూడు తాను సంపాదించుకోగలిగే పని అది.

పౌలు కొరింథుకు వచ్చినప్పుడు ఈ పనే ఆయనకు ఒక ఇంటిని, ఇద్దరు ఆప్తులను ఇచ్చింది. సుమారు క్రీ.శ. 49లో క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచి వెళ్లమని ఆజ్ఞాపించాడు. అలా నిరాశ్రయులై వచ్చిన దంపతులే అకుల, ప్రిస్కిల్ల. వాళ్లదీ డేరాలు కుట్టే వృత్తే. పౌలు వాళ్ల ఇంట్లోనే ఉండి, వాళ్లతో కలిసి పని చేశాడు. కొరింథు రెండు రేవుల మధ్య ఉన్న పెద్ద వ్యాపార పట్టణం. రెండేళ్లకోసారి దగ్గర్లోనే జరిగే ఇస్త్మియ క్రీడలకు జనం విరగబడి వచ్చేవారు. పనికి కరువు లేని ఊరు. విశ్రాంతి దినాన సమాజమందిరంలో బోధ, మిగిలిన రోజుల్లో కుట్టుపని. ఏడాదిన్నర ఆయన అక్కడే ఉన్నాడు.

ఈ పని తేలికైనదని మనం అనుకోకూడదు. ముతక గుడ్డనో తోలునో రోజంతా వంగి కుట్టడం వేళ్లను, నడుమును, కళ్లను పిండేసే పని. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానని ఆయనే ఆ సంఘానికి గుర్తు చేశాడు (1 థెస్స. 2:9). అంత కష్టపడినా ప్రతిసారీ చాలలేదు. ఆకలిదప్పులు, చలి, చాలీచాలని బట్టలు ఆయన అనుభవించిన శ్రమల పట్టికలో ఉన్నాయి. మూడుసార్లు ఓడ పగిలి సముద్రం పాలయ్యాడు. అలాంటి వేళల్లో ఫిలిప్పీ సంఘం ఆయన్ను ఆదుకుంది. థెస్సలొనీకలో ఉన్నప్పుడే ఒకటికి రెండుసార్లు సాయం పంపింది. ఆ కానుకను పౌలు సంతోషంగా తీసుకున్నాడు. తన చేతుల మీద తనకున్న నమ్మకం ఆయనలో గర్వంగా మారలేదు. ఇవ్వడం తెలిసినవాడికి పుచ్చుకోవడం కూడా తెలిసింది.

అయితే కొరింథులో ఈ విషయమే పెద్ద గొడవకు దారితీసింది. ఆ కాలపు గొప్ప వక్తలు ఊరూరా తిరిగి ప్రసంగించి రుసుము తీసుకునేవారు, లేదా ధనికుల ఇళ్లల్లో ఉండి వాళ్ల పోషణలో బతికేవారు. చేతిపని చేసేవాడంటే పెద్దింటివాళ్లకు చిన్నచూపు. అలాంటి ఊళ్లో అపొస్తలుడు చేతులకు కాయలు కాచేలా అంగట్లో కూర్చుని డేరాలు కుడుతున్నాడు. పైగా కొరింథువారి డబ్బు తీసుకోనన్నాడు. వాళ్లకు అవమానంగా తోచింది. మాసిదోనియ సహోదరుల సాయం తీసుకున్నవాడు మా దగ్గర ఎందుకు తీసుకోడు, మా మీద ప్రేమ లేకనా అని నొచ్చుకున్నారు. తర్వాత వచ్చిన కొందరు బోధకులు ఆయన నిజమైన అపొస్తలుడే కాదని ప్రచారం చేశారు.

పౌలు ఎంత బాధపడ్డాడో రెండో కొరింథు పత్రిక చదివితే మనకు తెలుస్తుంది. తన ప్రేమను దేవుడే ఎరుగునని చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా తన నిర్ణయం మార్చుకోలేదు. ఎందుకంటే డబ్బిచ్చినవాడు రేపు మాట మీద కూడా పెత్తనం అడుగుతాడు. కొరింథు సంఘంలో వర్గాలున్నాయి, కోర్టు తగాదాలున్నాయి, వ్యభిచారం ఉంది. ప్రభువు బల్ల దగ్గర కూడా ఉన్నవాళ్లు కడుపునిండా తింటుంటే లేనివాళ్లు ఆకలితో ఉన్నారు. వాళ్ల ఉప్పు తిని ఉంటే పౌలు వాళ్లను అంత నిర్భయంగా గద్దించగలిగేవాడా? ఆయన చేతిలోని సూది ఆయన నోటికి స్వేచ్ఛనిచ్చింది.

ఇక్కడ మనం చాలా జాగ్రత్తగా ఉండాలి. పౌలు తన సంపాదన తాను చూసుకున్నాడు కాబట్టి మన పాస్టరుగారు కూడా అలాగే చూసుకోవాలని వాదించే సంఘాలున్నాయి. మొదటి కొరింథు పత్రిక తొమ్మిదో అధ్యాయం ఆ వాదనకు జవాబు. సొంత ఖర్చుతో యుద్ధానికి వెళ్లే సైనికుడు లేడనీ, తోట నాటినవాడు దాని ఫలం తింటాడనీ, సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల జీవించడం ప్రభువు నియమమనీ అక్కడ పౌలు గట్టిగా చెప్పాడు. అది హక్కని నిరూపించాక, తనూ బర్నబా మాత్రం ఆ హక్కును వాడుకోలేదన్నాడు. హక్కును వదులుకోవడం సేవకుడి ఇష్టం. దాన్ని లాక్కోవడం సంఘం పని కాదు. పౌలు పేరు చెప్పి సేవకుణ్ణి, ఆయన పిల్లల్ని పస్తులుంచే సంఘం పౌలును సగమే చదివినట్టు. అలాగే హక్కు గురించిన మాటలే ఎప్పుడూ వల్లిస్తూ, రాత్రింబగళ్లు కష్టపడిన ఆ చేతుల గురించి ఎన్నడూ బోధించని సేవకుడు చదివిందీ సగమే.

ఎఫెసులో పౌలు మూడేళ్లున్నాడు. తురన్ను పాఠశాలలో రెండేళ్లు ప్రతిదినమూ తర్కించాడు. అక్కడా కుట్టుపని మానలేదు. ఆయన శరీరానికి తగిలిన చేతిగుడ్డలు, నడికట్లు రోగుల దగ్గరకు తీసుకెళ్తే వాళ్లు బాగుపడ్డారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతోంది (19:12). చేతిగుడ్డ చెమట తుడుచుకునేది, నడికట్టు పనివాడు కట్టుకునేది. దేవుడు తన మహిమను చూపడానికి వాడుకున్నవి ఆ పనిబట్టలే. తర్వాత మిలేతులో ఎఫెసు పెద్దలకు కన్నీటితో వీడ్కోలు చెబుతూ తన చేతులు చూపించి, అవి తన అవసరాలే కాదు, తనతో ఉన్నవాళ్ల అవసరాలూ తీర్చాయని గుర్తుచేశాడు. తన సంపాదనతో బలహీనులను ఆదుకోవాలన్నది అక్కడ ఆయన చెప్పిన పాఠం.

అకుల, ప్రిస్కిల్లల బతుకూ అలాంటిదే. రోము నుంచి కొరింథుకు, కొరింథు నుంచి ఎఫెసుకు, తిరిగి రోముకు వాళ్లు మారారు. వెళ్లిన చోటల్లా వృత్తి బతుకుతెరువు చూపింది. ఎఫెసులోనూ రోములోనూ వాళ్ల ఇల్లే సంఘం కూడే చోటయింది.

చివరికి పౌలు ఖైదీగా రోము చేరాడు. సైనికుడి కాపలాలో, తన అద్దె ఇంట్లో రెండేళ్లుండి, వచ్చిన వాళ్లందరికీ దేవుని రాజ్యం గురించి చెప్పాడు. ఆ తర్వాత నీరో చక్రవర్తి కాలంలో రోములోనే హతసాక్షి అయ్యాడని సంఘ సంప్రదాయం. లోకం దృష్టిలో ఆయన కూడబెట్టిందేమీ లేదు.

ఈ రోజు ఒక్క కంప్యూటరుతో ఏ ఊళ్లోనైనా, ఏ దేశంలోనైనా పని చేసుకోగల తరం మన ఇళ్లల్లోనే ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరుకో, గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిన మన పిల్లలున్నారు. ఎక్కడైనా బతకగల విద్య దేవుడిచ్చిన గొప్ప ఈవి. కాని ఆ విద్యతో మనం ఎక్కడెక్కడికి వెళ్లామన్నదానికన్నా, వెళ్లిన చోట ఎవరికి ఉపయోగపడ్డామన్నదే ప్రభువు అడుగుతాడు. ఊళ్లు చూడటానికైతే పౌలుకు అంత శ్రమ అక్కర్లేదు. తనను పిలవని చోటికి వెళ్లడానికి, ఎవరికీ లొంగకుండా సత్యం చెప్పడానికి, తనకన్నా పేదవాడికి పెట్టడానికి ఆయన సూది పట్టాడు. అందుకే ఈ వారం మన సంపాదనను ఒకసారి ప్రభువు ముందుంచుదాం. మన సంఘ సేవకుడి ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో కూడా కనుక్కుందాం.