మౌనం కూడా పాపమేనని ఒప్పుకున్న పాస్టర్

చేసిన తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. చేయవలసిన మేలు తెలిసి కూడా చేయకపోతే అదీ పాపమేనంటాడు యాకోబు (4:17). ఈ రెండో పాపాన్ని ఒప్పుకోవడం మరీ కష్టం. ఎందుకంటే దానికి సాక్షులుండరు, కేసులుండవు. జర్మనీ పాస్టర్ మార్టిన్ నీమోలర్‌కు ఆ సంగతి బోధపడడానికి రెండు ప్రపంచ యుద్ధాలు, దాదాపు ఎనిమిదేళ్ల చెర అవసరమయ్యాయి.

నీమోలర్ 1892 జనవరి 14న లిప్‌స్టాట్ పట్టణంలో ఒక లూథరన్ పాస్టర్ ఇంట పుట్టాడు. అది ప్రార్థన, వాక్యపఠనం ఉన్న ఇల్లు. దైవభక్తి వేరు, దేశభక్తి వేరు అన్న ఆలోచన మాత్రం ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో తక్కువే. 1910లో ఆయన నౌకాదళంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, యూ-73 అనే జలాంతర్గామిలో అధికారిగా మధ్యధరా సముద్రానికి వెళ్లాడు.

శత్రువుల ఓడలు తిరిగే దారుల్లో నీటి కింద మందుపాతరలు అమర్చి వెళ్లిపోవడం యూ-73 పని. ఆ ఏడాది ఏప్రిల్‌లో మాల్టా దగ్గర అలాంటి మందుపాతరలు తగిలి రస్సెల్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మునిగిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. టైటానిక్‌కు సోదరి నౌక అయిన బ్రిటానిక్ అప్పట్లో ఆసుపత్రి నౌకగా పనిచేస్తోంది. ఆ నవంబర్‌లో ఏజియన్ సముద్రంలో యూ-73 పెట్టిన మందుపాతరే తగిలి అది గంటలోపే మునిగింది. 30 మంది ప్రాణాలు కోల్పోయారు. మందుపాతర పెట్టినవాడికి చచ్చేవాడి ముఖం కనిపించదు. అందుకే మనస్సాక్షి నిద్రపోవడం తేలిక.

1917 జనవరిలో ఆ ముఖాలు కనిపించాయి. అప్పుడు నీమోలర్ యూ-39లో ఉన్నాడు. వారి టార్పెడో దెబ్బకు సైనికులతో వెళ్తున్న ఒక ఫ్రెంచి ఓడ మునిగిపోయింది. నీళ్లలో కొట్టుమిట్టాడుతున్న వాళ్లను మరో యుద్ధనౌక రక్షించబోతే, జలాంతర్గామి ఆ పనికీ అడ్డుపడింది. బతికినవాడు రేపు తమ సైనికుల మీదికే వస్తాడన్నది యుద్ధం చెప్పే లెక్క. కానీ ఆ రోజు అధికారుల మధ్య వాదన జరిగింది. మనిషి ఎంత ప్రయత్నించినా మనస్సాక్షిని మచ్చలేకుండా కాపాడుకోలేని పరిస్థితులుంటాయని, పాపక్షమాపణ ఉందన్న విశ్వాసమొక్కటే అక్కడ మనిషిని నిలబెడుతుందని ఆయనకు తోచింది. అదే తన జీవితంలో మలుపని తరువాత రాసుకున్నాడు.

1918లో ఆయన యూసీ-67కు కమాండరయ్యాడు. జర్మనీ ఓడిపోయాక జలాంతర్గాములను ఇంగ్లండుకు అప్పగించే పని చెబితే కాదని నౌకాదళం వదిలేశాడు. 1919లో ఎల్జాను పెళ్లాడాడు. వ్యవసాయం చేసుకుందామంటే భూమి కొనే స్తోమత లేదు. అప్పుడు మ్యూన్‌స్టర్‌లో వేదాంత విద్యకు చేరాడు. 1924లో అభిషేకం పొంది, 1931లో బెర్లిన్‌లోని డాలెమ్ సంఘానికి పాస్టరయ్యాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే మనకు చక్కని సాక్ష్యం దొరుకుతుంది. కానీ సత్యం అంత సులువు కాదు. యూనిఫాం విప్పినా లోపలి సైనికుడు అలాగే ఉన్నాడు. 1933 ఎన్నికల్లో నీమోలర్ హిట్లర్ పార్టీకే ఓటు వేశాడు. జర్మనీ మళ్లీ తలెత్తుకుంటుందని, దేవుని భయం తిరిగి వస్తుందని నమ్మాడు.

ఆ నమ్మకం త్వరలోనే బీటలు వారింది. యూదు వంశంలో పుట్టిన పాస్టర్లను తొలగించాలన్న నియమాన్ని సంఘంలోకి తెచ్చారు. బాప్తిస్మం కన్నా రక్తం గొప్పదైతే ఇక సువార్త ఏముంది? నీమోలర్ 1933 సెప్టెంబర్‌లో పాస్టర్ల అత్యవసర సమాఖ్యను ప్రారంభించాడు. ఏడాది చివరికి సుమారు 6,000 మంది పాస్టర్లు చేరారు. 1934 జనవరి 25న సంఘ నాయకులతో కలిసి హిట్లర్ ముందు నిలబడినప్పుడు, ప్రజల పట్ల దేవుడు సంఘానికిచ్చిన బాధ్యతను ఎవరూ లాక్కోలేరని ముఖం మీదే చెప్పాడు. ఆ సాయంత్రమే రహస్య పోలీసులు ఆయన ఇల్లు సోదా చేశారు.

1937 జూలై 1న అరెస్టయ్యాడు. 1938 మార్చిలో కోర్టు ఏడు నెలల శిక్ష వేసింది. అది అప్పటికే పూర్తయినా ఇంటికి పంపలేదు. హిట్లర్ సొంత ఖైదీగా సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి, 1941లో డాకౌకు తరలించారు. 1945 వసంతంలో గానీ విడుదల కాలేదు.

లోకమంతా ఆయనను వీరుడని పొగిడింది. నీమోలర్ మాత్రం ఆ దండలు వేయించుకోలేదు. 1939లో యుద్ధం మొదలవగానే, శిబిరంలో ఉంటూనే, నౌకాదళంలో పనిచేస్తానని దరఖాస్తు పెట్టుకున్న సంగతిని విడుదలయ్యాక విలేకరుల ముందు దాచలేదు. తాను నోరు విప్పింది సంఘం కోసమేనని, బాప్తిస్మం పొందిన యూదుల పక్షాన నిలిచినంతగా మిగతా యూదుల పక్షాన నిలవలేదని కూడా ఆయనకు తెలుసు. యూదుల మీద దేవుని శాపం ఉందన్నట్టుగా ప్రసంగించిన రోజులూ ఉన్నాయి.

1945 చివరలో భార్యతో కలిసి డాకౌ చూడడానికి వెళ్లాడు. శవాలను కాల్చిన చోట ఒక బోర్డు ఉంది. 1933 నుంచి 1945 వరకూ అక్కడ మనుషులను కాల్చేశారని దాని మీద రాసి ఉంది. మృతుల సంఖ్య చూసి ఎల్జా కుంగిపోయింది. నీమోలర్ చూపు ఆ సంవత్సరాల మీద నిలిచిపోయింది. 1937 తరువాత నేను జైల్లో ఉన్నానని చెప్పుకోవచ్చు. మరి అంతకు ముందు నాలుగేళ్లు? ఏదెను తోటలో ఆదామును పిలిచిన ప్రశ్న (ఆది 3:9) తనకే వినిపించింది. కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను, యూదులను పట్టుకెళ్లినప్పుడు తనకేమీ కాదనుకుని ఊరుకున్నాడు. చెరలో ఉన్న ఆ మనుషుల్లో క్రీస్తు ఉన్నాడని (మత్తయి 25) గుర్తించలేదు.

1945 అక్టోబర్‌లో జర్మనీ సంఘ నాయకులు స్టుట్‌గార్ట్‌లో చేసిన అపరాధ ఒప్పుకోలు మీద ఆయన సంతకం ఉంది. తరువాత ఊరూరా తిరిగి అదే చెప్పాడు. 1946 జనవరిలో ఎర్లాంగెన్‌లో విద్యార్థులు ఆయన మాటలకు అడ్డుతగిలారు. తమ కష్టాలే తమకున్న ఆ రోజుల్లో దోషం గురించి వినడం చాలామందికి ఇష్టం లేదు. అయినా ఆయన ఆగలేదు. ఒకప్పుడు టార్పెడోలు వేయించిన మనిషి అణ్వాయుధాలను, ఆ తరువాత యుద్ధాన్నే వ్యతిరేకించాడు. 1961లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ సంఘాల మండలి మహాసభ ఆయనను తన అధ్యక్షుల్లో ఒకరిగా ఎన్నుకుంది. 1984 మార్చి 6న, 92 ఏళ్ల వయసులో, ప్రభువు సన్నిధికి చేరాడు.

మారుమనస్సు ఒక్క రోజుతో అయిపోయే పని కాదని ఈ జీవితం మనకు నేర్పుతోంది. సముద్రంలో ఒకసారి, పుల్పిట్ మీద ఒకసారి, డాకౌలో మరోసారి దేవుడు ఆయనను కదిలించాడు. మన మందిరం మీద రాయి పడితే ఉపవాస ప్రార్థనలు పెడతాం. పక్కవాడి ఇల్లు తగలబడితే మన సంగతి కాదులే అని తలుపు వేసుకుంటాం. గాయపడినవాణ్ణి చూసి పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు (లూకా 10:31) చేతులతో ఏ పాపమూ చేయలేదు, నడిచి వెళ్లాడంతే! పుల్పిట్ ఎక్కే మాతో సహా మనమంతా ఈ వారం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుందాం. ఆ రోజున నువ్వెక్కడున్నావని ప్రభువు అడిగితే మన జవాబేమిటి?