ఐదు రూపాయల టికెట్‌కు జేజేలు

ఆగస్టు 9 వచ్చిందంటే హైదరాబాద్ డైలీ ప్యాసింజర్లకు పండుగే. 2003లో ఇదే తేదీన అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ చేతుల మీదుగా ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది. ఇరవై ఏళ్లు నిండాయి, రజతోత్సవం దగ్గరికొస్తోంది. పెద్ద పెద్ద వాటికి సభలు పెట్టి శాలువాలు కప్పే ఊరు మనది. మరి ఇన్నేళ్లుగా తెల్లవారకముందే లేచి, లక్షలమందిని పనికి చేర్చి, మళ్లీ రాత్రికి ఇంటికి చేర్చిన బండికి ఎవరు కప్పాలి? అందుకే ఈ అభినందన.

దీని గొప్పతనం తెలియాలంటే పట్టాల సంగతి చెప్పుకోవాలి. సికింద్రాబాద్ నుంచి వాడి వైపు రైలు మార్గం నిజాం కాలంలో, 1874లోనే వచ్చింది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది, కాచిగూడ 1916 నాటిది. అవన్నీ దూర ప్రయాణాల కోసం వేసినవి. బొంబాయి పోవాలన్నా మద్రాసు పోవాలన్నా ఈ దారే. ఊరు పెరిగి పెరిగి ఆ పట్టాలకు రెండు వైపులా అల్లుకుంది. ఫతేనగర్, బోరబండ, సీతాఫల్‌మండి, యాకుత్‌పురా... వీటి పెరళ్లలోంచే రైళ్లు పోయేవి. కానీ అక్కడివాళ్లు బస్సు కోసం రోడ్డు మీద నిలబడేవాళ్లు. ఎక్స్‌ప్రెస్‌లు వాళ్ల ఇంటి పక్క నుంచే దూసుకుపోయేవి. వాళ్ల కోసం మాత్రం ఆగేవి కావు.

ఉన్న పట్టాల మీదే ఊళ్లోవాళ్ల కోసం బండ్లు నడుపుదామన్నది ఎంఎంటీఎస్ ఆలోచన. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం పెట్టుకున్నాయి. మొదటి దశ సుమారు 43 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 178 కోట్లు. నాంపల్లి, సికింద్రాబాద్ వైపుల నుంచి లింగంపల్లికి ముందు మొదలై, 2004లో పాతబస్తీ దాటి ఫలక్‌నుమా దాకా వెళ్లింది. ఊరిని నిలువునా తవ్వలేదు, రోడ్ల మధ్య స్తంభాలు లేపలేదు. ఉన్న లైన్లను బాగుచేశారు, కరెంటు తీగలు లాగారు, ప్లాట్‌ఫాంలు ఎత్తు పెంచారు, నడవగలిగినంత దూరంలో చిన్న చిన్న స్టేషన్లు కట్టారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందికి ఇంత మేలు చేసిన రవాణా పథకం మన ఊరి చరిత్రలో మరొకటి నాకు కనిపించదు.

బండి కూడా వేరే రకం. అంతకుముందు లోకల్ అంటే ముందు డీజిల్ ఇంజన్ తగిలించిన ప్యాసింజరో, పుష్‌పుల్లో. ఆగినచోటల్లా మళ్లీ వేగం అందుకోవడానికి బోలెడు సమయం. మామూలు ప్యాసింజరైతే చివరి స్టేషన్‌లో ఇంజన్ విప్పి, అటు తిప్పి, మళ్లీ తగిలించాలి. ఎంఎంటీఎస్‌లో వేరే ఇంజన్ లేదు. మూడు పెట్టెలకు ఒక మోటార్ పెట్టె చొప్పున బలం బండి పొడవునా పంచి ఉంటుంది. ఆ బలంతోనే కదిలిన కొద్ది క్షణాల్లో వేగం అందుకుంటుంది, తర్వాతి స్టేషన్ కిలోమీటరున్నర దూరంలో ఉన్నా సరే. రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి, లింగంపల్లిలో మోటార్‌మ్యాన్ ప్లాట్‌ఫాం మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి కూర్చుంటే చాలు, బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం. వెడల్పాటి తలుపులు, పైన పట్టుకోవడానికి పిడులు, నిలబడేవాళ్లకు చోటు. అర నిమిషంలో వందమంది దిగి వందమంది ఎక్కాలంటే పెట్టె అలాగే ఉండాలి.

పొద్దున ఎఫ్‌ఎల్ ఎక్కితే హైదరాబాద్ మొత్తం కళ్లబడుతుంది. ఎఫ్‌ఎల్ అంటే ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్లేది. తిరిగొచ్చేది ఎల్‌ఎఫ్, నాంపల్లి నుంచి వెళ్లేది హెచ్‌ఎల్. రోజూ తిరిగేవాళ్లకు ఇవే బండ్ల పేర్లు. ఫలక్‌నుమాలో ఎక్కినవాళ్లు కిటికీ పక్క సీట్లు పట్టేస్తారు. ఉప్పుగూడలో, యాకుత్‌పురాలో టిఫిన్ డబ్బాలు పట్టుకున్న కూలీలు, బురఖా వేసుకున్న కాలేజీ పిల్లలు, జరీ మగ్గాల మీద పనిచేసేవాళ్లు ఎక్కుతారు. "జరా సర్‌కో భాయ్" అని ఒకరంటే "కొంచెం జరుగుండ్రి" అని ఇంకొకరంటారు. అప్పటికే ముగ్గురున్న సీటు మీద నాలుగో మనిషికి చోటు దొరుకుతుంది. మలక్‌పేట దాటాక మూసీ. కాచిగూడలో కొందరు దిగి వేరే బండ్లు పట్టుకుంటారు. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో పుస్తకాలు చంకన పెట్టుకుని ఉస్మానియా పిల్లలు దూకేస్తారు. సికింద్రాబాద్‌లో పెట్టె ఒక్కసారిగా ఖాళీ అయి, ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ నిండుతుంది. ఈసారి ఎక్కేది ఐడీ కార్డు మెడలో వేసుకున్నవాళ్లు. సంజీవయ్య పార్క్ దగ్గర ఎడమ చేతివైపు హుస్సేన్‌సాగర్ నీళ్లు కాసేపు కనిపిస్తాయి. ఫోన్లలో మునిగిపోయినవాళ్లు కూడా ఆ కాసేపు తలెత్తుతారు. బేగంపేట, నేచర్ క్యూర్, ఫతేనగర్, భరత్‌నగర్. ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో రకం మనుషులు. చివరికి హైటెక్ సిటీలో సగం బండి దిగిపోతుంది.

అక్కడ దిగేవాళ్లను ఒకసారి గమనించండి. ల్యాప్‌టాప్ సంచి వేసుకున్న ఇంజనీరు పక్కనే, అదే ఆఫీసు నేల తుడిచే అమ్మ ఉంటుంది. ఆఫీస్ క్యాంటీన్‌లో ఉల్లిపాయలు తరిగే కుర్రాడు, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే సెక్యూరిటీ పెద్దాయన, బోరబండలో ఎక్కిన ప్లంబరు కూడా అక్కడే దిగుతారు. హైటెక్ సిటీ మెరుపంతా అద్దాల భవనాలదే అనుకుంటాం. దాన్ని నడిపే చేతుల్లో ఎన్నో పాతబస్తీ నుంచి, రైలు పట్టాల పక్క బస్తీల నుంచి వస్తున్నాయి. ఎనిమిదివేలో పదివేలో జీతం వచ్చే మనిషి రోజుకు వంద రూపాయలు ఆటోకు పోస్తే నెలాఖరుకి ఇంట్లో బియ్యం ఉండవు. ఎంఎంటీఎస్ కనీస టికెట్ ఐదు రూపాయలు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లినా పెద్ద నోటు మార్చాల్సిన పనిలేదు. సీజన్ టికెట్ తీసుకుంటే ఇంకా చవక. 2025 జూలైలో దేశవ్యాప్తంగా రైలు చార్జీలు సవరించినప్పుడు కూడా సబర్బన్ చార్జీల జోలికి, సీజన్ టికెట్ల జోలికి పోలేదు. అది చాలా మంచి నిర్ణయం. ఈ ఊళ్లో ఐదు రూపాయలకు కప్పు చాయ్ దొరకడం కూడా కష్టమవుతున్న రోజులివి.

ఈ బండి విలువ అందరికీ తెలిసొచ్చింది అది ఆగిపోయినప్పుడు. 2020 మార్చిలో కోవిడ్‌తో అన్ని రైళ్లతో పాటు ఎంఎంటీఎస్ కూడా ఆగింది. అంతకుముందు రోజుకు 120 దాకా సర్వీసులు నడుస్తూ లక్షన్నర మందిని మోసేవి. మళ్లీ కదిలింది 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో. ఆ పదిహేను నెలల్లో సొంత వాహనం లేనివాడు పడిన యాతన చిన్నది కాదు. కొందరు పని మానేశారు, కొందరు పనిచేసే చోటే అద్దెకు దిగారు, కొందరు అప్పుచేసి సెకండ్‌హ్యాండ్ బండి కొన్నారు. అలా కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ రైలు ముఖం చూడలేదు. సర్వీసుల సంఖ్య ఇంకా పాత స్థాయికి చేరలేదు. ఇది చెప్పకుండా అభినందిస్తే అది ముఖస్తుతి అవుతుంది.

ఇక రెండో దశ. ఇది నిజంగా సంబరం చేసుకోవాల్సిన సంగతి. ఆలస్యమైన మాట నిజం. రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలన్న ఒప్పందంతో మొదలైన పని పదేళ్లకు పైగా సాగింది. అయినా 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కి, ఫలక్‌నుమా నుంచి ఉందానగర్‌కి బండ్లు కదిలాయి. ఆ రోజు ప్రధాని 13 కొత్త సర్వీసులకు జెండా ఊపారు. మేడ్చల్ లైను 28 కిలోమీటర్లు, ఉందానగర్ లైను 14. మేడ్చల్ లైను ఒకప్పుడు మన్మాడ్ వెళ్లే మీటర్‌గేజ్. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అల్వాల్, బొల్లారం, గుండ్లపోచంపల్లి... ఈ పేర్లన్నీ ఇప్పుడు ఎంఎంటీఎస్ పట్టికలోకి వచ్చాయి. మేడ్చల్ పక్క ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనికి వెళ్లేవాళ్లు, కంటోన్మెంట్‌లో కాపురముండే సైనిక కుటుంబాలు, సికింద్రాబాద్ మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే ఆడవాళ్లు ఇక ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంటలు పోగొట్టుకోనక్కర్లేదు.

2024 మార్చి 5న జరిగింది ఇంకా పెద్ద మార్పు. మౌలాలి నుంచి సనత్‌నగర్ దాకా 22 కిలోమీటర్ల లైను అప్పటివరకు గూడ్స్ బండ్లకే పరిమితం. దాన్ని రెండు లైన్లు చేసి, కరెంటు పెట్టి, ఫిరోజ్‌గూడ, సుచిత్ర, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీల్లో కొత్త స్టేషన్లు కట్టారు. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి తొలి ఎంఎంటీఎస్ ఆ రోజు దాని మీదుగా నడిచింది. అంటే తూర్పు శివారు మనిషి సికింద్రాబాద్ రద్దీలోకి దిగకుండానే పడమర చేరుకోవచ్చు. జీవితంలో ఎన్నడూ ప్యాసింజర్ బండి ఆగని కాలనీల్లో ఆ రోజు జనం మేడల మీదకెక్కి చేతులూపి ఉంటారంటే ఆశ్చర్యపోను. దశాబ్దాల తరబడి బొగ్గు బండ్ల చప్పుడు విని నిద్రలేచినవాళ్లకు, తమ స్టేషన్ పేరు పలికే బండి రావడం చిన్న విషయమా?

2025 మే నెలలో కొత్తగా ముస్తాబైన బేగంపేట స్టేషన్‌ను ఆడవాళ్లే నడుపుతున్నారు. టికెట్ కౌంటర్ నుంచి భద్రత దాకా వాళ్లదే బాధ్యత. మహిళల కోసం మాతృభూమి పేరుతో ప్రత్యేక బండి నడిపిన చరిత్ర కూడా ఎంఎంటీఎస్‌కు ఉంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా నిలబడిన అమ్మాయికి ఎదురుగా యూనిఫాంలో మరో అమ్మాయి కనిపిస్తే ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

ఇప్పుడు శాలువాలు ఎవరికి కప్పాలో చెప్తాను. మొదటిది కీమ్యాన్‌కు. తెల్లవారుజామునే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని, తన వంతు కిలోమీటర్లు నడుచుకుంటూ పట్టా బిగింపులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయే మనిషి. మే నెల ఎండకు పట్టాలు సాగుతాయి, చలికి కుదించుకుంటాయి, వానకు కింద కంకర జారుతుంది. ఆయన కంట పడకుండా ఇవేవీ ఉండకూడదు. అరనిమిషానికోసారి మారే సిగ్నళ్ల మీద కళ్లు పెట్టి, ఒక్క బండిలో ఇరవైకి పైగా స్టేషన్లలో ఆపి ఎత్తే మోటార్‌మ్యాన్‌కు రెండోది. వెనక క్యాబిన్‌లో నిలబడి ప్లాట్‌ఫాం చివరిదాకా చూసి, పరుగెత్తుకొచ్చే ముసలమ్మ ఎక్కాకే గంట కొట్టే గార్డుకు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మూడోది. ఒకే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌నీ గూడ్సునీ లోకల్‌నీ ఒకదాని వెనక ఒకటి సర్ది పంపే కంట్రోలర్లకు, రాత్రికి రాత్రి పెట్టెలు కడిగే పారిశుద్ధ్య కార్మికులకు, షెడ్డులో మోటార్లు విప్పి బాగుచేసే ఫిట్టర్లకు కూడా. శాలువాలు చాలవు. అయినా మొదలుపెడదాం.

పండుగ పూట పెద్దవాళ్లను కోరికలు అడగడం మన ఆచారం. రైల్వేను, రాష్ట్ర ప్రభుత్వాన్ని మేం అడిగేవి ఇవి. ఎంఎంటీఎస్ బలం పాత పట్టాలే, బలహీనతా అవే. దూరం నుంచి ఆలస్యంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కు దారిస్తూ లోకల్ సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. పావుగంట అటూ ఇటూ అయితే ఆఫీసు వేళ తప్పుతుంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది కాబట్టి కొన్ని దూరప్రయాణ బండ్లు అక్కడే ఆగిపోతాయి. ఆ మేరకు సికింద్రాబాద్‌లో ఖాళీ అయిన వేళలను లోకల్‌కే ఇవ్వండి. మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ వైపు బండ్లు రోజుకు కొన్నే ఉంటే జనం నమ్మరు. గంటకు రెండైనా, అవే నిమిషాలకు, గోడ మీది గడియారం చూసుకుని బయల్దేరేంత కచ్చితంగా నడిస్తే తప్పకుండా ఎక్కుతారు. స్టేషన్ బయట సిటీ బస్సు వచ్చి ఆగాలి. మెట్రో, ఎంఎంటీఎస్ పక్కపక్కనే ఉన్న బేగంపేటలో, ఖైరతాబాద్‌లో, మలక్‌పేటలో ఒకే టికెట్‌తో ఇటు నుంచి అటు మారగలగాలి. అన్ని రకాల రవాణానూ కలపడమే ఎంఎంటీఎస్ పుట్టినప్పుడు చేసిన వాగ్దానం.

యాదాద్రి దాకా పొడిగింపు గురించి ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. ఆదివారం పొద్దున్నే ఫలక్‌నుమాలోనో బోరబండలోనో పిల్లాపాపలతో బండెక్కి, చద్దిమూట విప్పుకుని తింటూ, నరసింహస్వామి దర్శనానికి వెళ్లొచ్చే రోజు కోసం ఎదురుచూసే ఇళ్లు ఈ ఊళ్లో వేలున్నాయి. 2028 ఆగస్టు 9కి ఎంఎంటీఎస్‌కు పాతికేళ్లు నిండుతాయి. ఆ పొద్దున లింగంపల్లి నుంచి యాదాద్రికి మొదటి లోకల్ బయల్దేరేలా చూడండి. మామిడి తోరణాలు, బంతిపూల దండలు, బండి ముందు కొట్టే కొబ్బరికాయలు డైలీ ప్యాసింజర్ల ఖర్చు.