పనివారి మనసు గెలిచిన యజమాని

అది 1861. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జార్జ్ క్యాడ్బరీ అనే 21 ఏళ్ల యువకుడు అన్న రిచర్డ్‌తో కలిసి తండ్రి కోకో వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికది మునిగిపోయే స్థితిలో ఉంది. తల్లి ద్వారా వచ్చిన ఆస్తిని అన్నదమ్ములిద్దరూ అందులోనే పెట్టారు. జార్జ్ దినపత్రిక కొనడం కూడా మానేశాడు. 1866లో తెచ్చిన కల్తీలేని కోకో పొడితో వ్యాపారం నిలదొక్కుకుంది.

క్వేకర్ క్రైస్తవుడైన జార్జ్ దాదాపు 50 ఏళ్లపాటు ఆదివారం ఉదయాల్లో పేద కార్మికులకు చదువు, బైబిలు నేర్పాడు. వాళ్ల ఇరుకు ఇళ్లు, మురికి వీధులు కళ్లారా చూశాడు. అందుకే 1879లో ఫ్యాక్టరీని ఊరి బయట పచ్చిక బయళ్ల మధ్యకు మార్చారు. దానికి బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. భోజనశాలలు, ఆటస్థలాలు, శనివారం సగం పూట సెలవు ఇచ్చారు. 1895 నుంచి తోటలున్న ఇళ్లు కట్టించి, 1900లో 313 ఇళ్లను, 330 ఎకరాలను ఒక ట్రస్టుకు రాసిచ్చాడు. ఆ ఇళ్లు తన పనివారికే అని షరతు పెట్టలేదు. మేలు చేసి మనుషుల్ని కట్టిపడేయాలన్నది ఆయన ఉద్దేశం కాదు.

ఫలితమేమిటి? యజమాని తనను మనిషిగా చూస్తే పనివాడు చేతులతోపాటు మనసు కూడా పనిలో పెడతాడు. కార్మికుల క్షేమం, పనిలో నైపుణ్యం వేర్వేరు కావని ఆయన కుమారుడు ఎడ్వర్డ్ 1912లో ఒక పుస్తకమే రాశాడు.

అయితే ఈ కథలో ఒక మచ్చ కూడా ఉంది. తాము కొనే కోకోను పోర్చుగీసు పాలనలోని సావోటోమే దీవిలో బానిసల్లాంటి కూలీలు పండిస్తున్నారని 1901లోనే కంపెనీ చెవిన పడింది. కొనడం ఆపింది మాత్రం 1909లో. దీన్ని ఎత్తిచూపిన పత్రికపై వేసిన పరువునష్టం దావాలో కంపెనీయే గెలిచింది. కాని న్యాయస్థానం ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పావు పెన్నీ! జార్జ్ 1922లో కన్నుమూశాడు. ఆయన చేసిన మేలూ, ఆ ఆలస్యమూ రెండూ చరిత్రలో నిలిచాయి.

కళ్లెదుట ఉన్న పనివారిని ప్రేమించడం గొప్పే. కళ్లకు కనబడని కూలీల సంగతి? కోత కోసినవారి కూలి బిగబడితే వారి మొర దేవుని చెవికి చేరుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తోంది. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు, మన దుకాణంలో కుర్రాడికి, మన సంఘం నడిపే బడిలోని ఆయాకు మనం ఏపాటి యజమానులం? వారి నుంచి మనసుపెట్టి చేసే పని ఆశించే ముందు, వారికి మన మనసులో చోటిచ్చామా? ముందు మనల్ని మనం పరీక్షించుకుందాం.