మైపాడు ఉప్పుగాలిలో గరిమెళ్ళ పాట

మొన్నటి శీతకాలంలో మా కళాశాల విద్యార్థులతో కలిసి మైపాడు సముద్రతీరానికి విహారయాత్రకు వెళ్ళాము. నెల్లూరు నుండి ఇందుకూరుపేట మీదుగా సాగే దారి అది. ఇరుప్రక్కల వరిచేలు, ఆపైన రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, చిట్టచివర సముద్రం. భోజనాలు ముగిసిన తరువాత విద్యార్థులు ఇసుకలో గుండ్రంగా కూర్చొని పాటలు మొదలుపెట్టారు. ఉర్దూ విభాగం వారు గజళ్ళు పాడితే, తెలుగు విభాగం వారు సినిమా పాటలు అందుకొన్నారు. ఇంతలో ఒక విద్యార్థి, చిన్నప్పుడు ఆగస్టు పదిహేనుకు బడిలో నేర్చుకొన్న గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట ఎత్తుకొన్నాడు. పల్లవిని అందరూ గొంతు కలిపి పాడారు. చరణం వచ్చేసరికి ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ పాట వ్రాసిన మహనీయుడు ఎలా జీవించాడో, ఎలా మరణించాడో చెప్పమంటే ఒక్కరికీ తెలియదు.

వారిని తప్పు పట్టలేము. వారికి తెలుగు బోధించవలసిన వారము మేమే. ఏడాదికొకసారి పల్లవి పాడించి, చప్పట్లు కొట్టించి, చరణాలను మరిచిపోయిన వారమూ మేమే. ఈ వ్యాసం మా లోపానికి మేము చేసుకొంటున్న చిన్న పరిహారం.

గరిమెళ్ళ సత్యనారాయణగారు 1893 జూలై 14న నేటి శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతంలోని గోనెపాడు గ్రామంలో జన్మించారు. తల్లి సూరమ్మ, తండ్రి వెంకటనరసింహం. కలిగిన కుటుంబం కాదు. కన్నేపల్లి నరసింహారావుగారనే న్యాయవాది చేయూతనివ్వగా చదువు సాగించి బి.ఏ. పట్టభద్రులయ్యారు. కొంతకాలం గంజాం జిల్లా కలెక్టరు కచేరీలో గుమాస్తాగా, మరికొంతకాలం విజయనగరంలో ఉపాధ్యాయునిగా పనిచేశారు. ఆ రోజులలో పట్టభద్రుడైన యువకునికి సర్కారు కొలువంటే జీవితానికి పూలబాట. ఆ బాటలో నడిచి ఉంటే ఆయన సుఖంగా బ్రతికి, పింఛను పుచ్చుకొని, ఎవరికీ తెలియకుండా కన్నుమూసి ఉండేవారు.

1920లో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపునిచ్చారు. ఖిలాఫత్ ఉద్యమం కూడా దానితో కలిసి నడిచింది. దేశంలో హిందూ ముస్లిములు ఒకే వేదికపై నిలిచిన అపూర్వ ఘట్టమది. మన నెల్లూరు సీమ కూడా ఆ గాలికి దూరంగా లేదు. 1921 ఏప్రిల్ 7న పెన్నా ఒడ్డునగల పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ స్వయంగా ప్రారంభించారు. దానికి భూమి సమకూర్చిన వితరణశీలి పొణకా కనకమ్మగారు. మైపాడు దారిలో వచ్చిపోయే వారికి పల్లిపాడు చిరపరిచితమే. సరిగా ఆ రోజులలోనే గరిమెళ్ళవారు ఉద్యమంలో దూకారు. అప్పుడు పుట్టినదే మాకొద్దీ తెల్లదొరతనము అన్న పేరుతో తెలుగునాట మారుమ్రోగిన గీతం.

ఆ గీతంలో రాజనీతి సిద్ధాంతం వెదికితే దొరకదు. దొరికేది వంటింటి గోడు. పంటలు పండే దేశంలో పండించినవానికే పట్టెడన్నం కరవైన వైనం, సర్కారు ఆదాయం కోసం ఊరూరా కల్లు సారాయి అమ్మించి ఇంటి ఇల్లాలి మెడలోని పుస్తెకు ఎసరు పెట్టిన తీరు అందులో ఉన్నాయి. చదువు రాని కూలివాడికి కూడా ఇది తన ఇంటి సంగతేనని తోచేటట్లు ఆయన వాడుక మాటలలో వ్రాశారు. ఆ వరుస కూడా పొలం గట్టున నోటికెక్కే వరుస. అందువల్లనే అది పుస్తకంలో ఉండిపోలేదు. ఒక నోటి నుండి మరొక నోటికి పాకింది.

అందులో ఒక చరణాన్ని ఈ తీరవాసులు ప్రత్యేకించి గుర్తుంచుకోవాలి. ఉప్పును తాకితే చాలు, అదొక నేరమై కూర్చున్నదని ఆ కవి వాపోయాడు. ఇది కవితాతిశయోక్తి కాదు. 1882 నాటి ఉప్పు చట్టం ప్రకారం ఉప్పు తయారీ, అమ్మకం సర్కారు గుత్తసొత్తు. సముద్రపు నీరు పల్లపు నేలలో నిలిచి, ఎండకు ఇగిరి, తెల్లని పొరగా పేరుకొంటుంది. మానవుడు చేయవలసిందల్లా వంగి గీకి ఎత్తుకోవడమే. అలా ఎత్తుకొన్న దోసెడు ఉప్పుకు కూడా పన్ను కట్టని నేరం అంటగట్టే అధికారం ఆ చట్టానికి ఉండేది. సముద్రం ముంగిట ఉన్న పల్లెవాడు సైతం గంజిలోకి రాతి ఉప్పును పన్నుతో సహా కొనుక్కోవలసిందే. గాంధీజీ దండి తీరంలో ఉప్పు పట్టింది 1930 ఏప్రిల్ 6న. ఆ వెంటనే నెల్లూరు జిల్లా తీరంలోనూ ఉప్పు సత్యాగ్రహం సాగింది. అంతకు సుమారు తొమ్మిదేండ్ల ముందే గరిమెళ్ళవారు ఆ గాయం మీద వేలు పెట్టి చూపారు. ఒక మహానాయకుడు పిలుపునివ్వబోయే పోరాటాన్ని పేద కవి ముందే పసిగట్టడానికి కారణం వేరే లేదు. ఆయన ఆ గంజి త్రాగినవాడు.

పాటకు బలం ఎంత ఉన్నదో పాలకులు త్వరలోనే గ్రహించారు. బ్రాకెన్ అనే ఆంగ్ల కలెక్టరు ఆ పాటను కవిచేతనే పాడించుకొని విని, తెలుగు రాకపోయినా దాని శక్తిని గుర్తించాడన్న ఉదంతం ప్రసిద్ధం. ఫలితంగా గరిమెళ్ళవారికి ఒక సంవత్సరం కఠిన కారాగారశిక్ష పడింది. విడుదలై వచ్చి ఆయన ఏం చేశారు? మళ్ళీ ఊరూరా తిరుగుతూ పాడారు. కాకినాడ ప్రాంతంలో మళ్ళీ పట్టుకొన్నారు. ఈసారి శిక్ష రెండున్నర సంవత్సరాలు. ఆయన చెరసాలలో ఉండగానే తండ్రి మరణించారు. క్షమాపణ వ్రాసి ఇస్తే విడిచిపెడతామని ప్రభుత్వం ఆశ చూపింది. కన్నతండ్రి కడచూపు కన్న కొడుక్కి కావలసిందేముంటుంది? అయినా ఆయన క్షమాపణ కోరలేదు. శిక్ష ముగిశాకనే బయటికి వచ్చారు.

మా ఉర్దూ విభాగం మిత్రులకు ఇక్కడ మౌలానా హస్రత్ మొహానీ గుర్తుకు రాక మానరు. తన ఉర్దూ ఏ ముఅల్లా పత్రికలో ప్రచురించిన ఒక వ్యాసం కారణంగా ఆయన 1908లోనే చెరసాల పాలయ్యారు. అక్కడ తిరగలి విసురుతూనే గజళ్ళు అల్లారు. 1921లో అహమ్మదాబాదు కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్య తీర్మానం ప్రతిపాదించారు. ఒకరిది లక్నో, అలీగఢ్‌ల సంస్కారంలో నలిగిన భాష. మరొకరిది కళింగసీమ పల్లె భాష. ఒకరి మాట మరొకరికి తెలిసి ఉండదు. అయినా ఇద్దరినీ బంధించిన గొలుసు ఒక్కటే. వంగని వెన్నెముక కూడా ఒక్కటే.

గరిమెళ్ళవారి ఉత్తరజీవితం చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. హరిజన గీతాలు, బాలగీతాలు వ్రాశారు. మద్రాసు చేరి గృహలక్ష్మి, ఆంధ్రప్రభ వంటి పత్రికలలో పనిచేశారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి ఆంగ్ల గ్రంథాన్ని తెలుగు చేశారు. ఏ కొలువూ స్థిరంగా నిలువలేదు. 1947లో దేశం స్వతంత్రమైంది. ఆయన కంటతడి పెట్టుకొన్న ఉప్పుపన్ను ఆ సంవత్సరమే రద్దయింది. ఆయన దారిద్ర్యం మాత్రం రద్దు కాలేదు. ఒక కన్ను పోయింది. పక్షవాతం శరీరాన్ని క్రుంగదీసింది. ఒకప్పుడు వేలాదిమంది చేత పాడించిన వ్యక్తి కడపటి రోజులలో పొట్టకూటికి పదిమంది ముందు చేయి చాచవలసి వచ్చింది. 1952 డిసెంబరు 18న ఆయన కన్నుమూశారు.

ఆ తేదీని పాఠకులు ఒక్క క్షణం గమనించవలెను. అంతకు మూడు రోజుల ముందు, డిసెంబరు 15 రాత్రి, నెల్లూరు జిల్లా తనవాడిగా చెప్పుకొనే పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో ప్రాణత్యాగం చేశారు. తెలుగునాడు అట్టుడికిపోయింది. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. ఆ రెండింటి నడుమ, ప్రకటనకు సరిగ్గా ఒకరోజు ముందు, గరిమెళ్ళవారు వెళ్ళిపోయారు. తెలుగుజాతి అంతా తన హక్కు కోసం గొంతెత్తిన వారంలో, ఆ జాతికి గొంతెత్తడం నేర్పిన కవి మరణం ఎందరి చెవిని పడి ఉంటుంది? శ్రీరాములుగారి పేరు 2008లో మన జిల్లాకే పెట్టుకొన్నాము. అది ఉచితమే. గరిమెళ్ళవారికి మనం ఇచ్చింది ఏడాదికొక పల్లవి.

పాట బ్రతికి పాడినవాడు పోవడం మన దేశానికే పరిమితమైన విషాదం కాదు. అమెరికాలో సామ్ కుక్ అనే నల్లజాతి గాయకుడు 1963లో లూసియానా రాష్ట్రంలోని ఒక వసతిగృహానికి భార్యతో సహా వెళితే, వర్ణాన్ని చూసి చోటు నిరాకరించారు. ఆ అవమానం కూడా మనసులో మెదలగా, ఎంత ఆలస్యమైనా మార్పు రాక తప్పదన్న విశ్వాసంతో ఆయనొక గీతం కట్టి 1964 ఆరంభంలో రికార్డు చేశాడు. ఆ సంవత్సరం డిసెంబరు 11న, ముప్పది మూడేండ్ల వయసులో, తుపాకి దెబ్బకు మరణించాడు. కొద్ది రోజులకే ఆ గీతం విడి రికార్డుగా వెలువడి పౌరహక్కుల ఉద్యమానికి ఊపిరి అయింది. గోదావరి ఒడ్డున పాడినవాడైనా, మిసిసిపీ సీమలో పుట్టినవాడైనా, అవమానాన్ని పాటగా మార్చినవాడు తనకోసం మాత్రమే పాడడు.

తెల్లవారు వెళ్ళిపోయి ఇన్నేండ్లయినది కదా, ఇక ఆ పాటతో పనేమి అని ఎవరైనా అడుగవచ్చు. మా మనవి ఇది. ఆ పాట పేరులో తెల్ల అన్నది విశేషణం మాత్రమే. కవి వద్దన్నది దొరతనాన్ని. విశేషణం 1947లో తొలగిపోయింది. నామవాచకం సంగతి ఏమిటి? ఎవడు పండించినది వానికి దక్కకుండా చేసేది ఎవరైనా అది దొరతనమే. తాగుడు మీద వచ్చే ఆదాయాన్ని లెక్కపెట్టుకొంటూ కూలిపోయే సంసారాలను లెక్కపెట్టనిది ఏ కచేరీ అయినా అది దొరతనమే. చివరకు తరగతి గదిలో ప్రశ్న వేసిన విద్యార్థిని కసరి కూర్చోబెట్టే ఉపాధ్యాయునిలోనూ ఆ దొర కొంత మిగిలే ఉన్నాడు. ఈ మాట వ్రాస్తున్నప్పుడు మమ్మల్ని మేము మినహాయించుకోవడం లేదు. గరిమెళ్ళ పాటను పల్లవి వరకే పాడుకొంటే అది గతచరిత్రను పొగిడే పాట. చరణాలతో పాడుకొంటే అది మనలను మనం పరీక్షించుకొనే పాట. చరణాలు మరిచిపోవడం అందుకే అంత సులువేమో!

మైపాడు నుండి తిరిగి వచ్చిన మరుసటి వారం ఆ గీతాన్ని మొత్తం నల్లబల్ల మీద వ్రాసి చెప్పాము. ఉప్పు చరణం దగ్గర తరగతి అంతా అర్థం కాక చూస్తుంటే, ఎప్పుడూ నోరు విప్పని ఒక విద్యార్థి లేచాడు. అతని తండ్రి ఉప్పు మడులలో కూలి. మడికి నీరు పెట్టడం దగ్గర నుండి, ఎండలో పొర గీకడం, కాళ్ళు పగిలి ఆ పగుళ్ళలో ఉప్పునీరు మండడం దాకా అతడే వివరించాడు. ఆ రోజు ఆ చరణానికి అర్థం చెప్పినవాడు అతడు. మేము విన్నాము.

విద్యార్థులారా, ఆగస్టు పదిహేను మళ్ళీ వస్తుంది. ఈసారి పల్లవి తరువాత ఆగిపోకండి. చరణాలు కూడా నేర్చుకొని, ఒక్కొక్క చరణం మీ వాడలో నేడు ఎవరి గోడో వెదికి చూడండి. ఆ పేద కవికి మనం చెల్లించగల బాకీ అంతకు మించి లేదు.