కార్మికుల పక్షాన నిలిచిన బాబాసాహెబ్ అంబేద్కర్

ప్రతి ఏటా ఏప్రిల్ 14న, డిసెంబరు 6న మన హాస్టల్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ చిత్రపటానికి పూలమాల వేస్తాం. ఉపన్యాసాలు ఇస్తాం. రాజ్యాంగం రాసిన మహనీయుడని, అంటరానివారి హక్కుల కోసం పోరాడిన నాయకుడని చెప్పుకుంటాం. అయితే 1942 నుండి 1946 వరకు నాలుగేళ్లు ఆయన ఈ దేశ కార్మిక శాఖను నడిపిన సంగతి మాత్రం ఆ ఉపన్యాసాల్లో అంతగా వినిపించదు. మన హాస్టల్‌లో ఉండేవాళ్లలో ఎక్కువ మందిమి కూలీల బిడ్డలం. మన అమ్మానాన్నలు పరంజాల మీద, రైసుమిల్లుల్లో, క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పని చేస్తున్నారు. పనిలో చెయ్యి పోయినా, కాలు విరిగినా, ప్రాణమే పోయినా ఆ ఇంటికి ఏం దక్కుతుంది అనేది మనకు పుస్తకాల్లో ప్రశ్న కాదు. అందుకే ఆయన జీవితంలోని ఈ వైపును మిత్రుల ముందు పెట్టాలని అనుకున్నాం.

చాల్‌లో గడిచిన జీవితం

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి. ఆ దంపతులకు ఆయన పద్నాలుగో సంతానం. మహర్ కులంలో పుట్టినందుకు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నారు. దాహం వేసినా తన చేత్తో నీళ్లు ముట్టుకునే వీలు ఉండేది కాదు.

కుటుంబం బొంబాయికి వచ్చాక పరేల్ ప్రాంతంలోని ఒక చాల్‌లో ఒకే గదిలో కాపురమున్నారు. చాల్ అంటే వరుసగా గదులుండి, గదికొక కుటుంబం బతికే మేడ. వంట, పడక, చదువు అన్నీ ఆ ఒక్క గదిలోనే. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు తండ్రి నిద్ర లేపితే, మిగతా వారంతా పడుకుని ఉండగా దీపం ముందు కూర్చుని చదివేవారు. 1907లో మెట్రిక్యులేషన్, 1912లో బి.ఎ. పూర్తి చేశారు. బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. తర్వాత లండన్‌లో అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదివారు.

అంత పెద్ద చదువులు చదివి వచ్చినా 1934 వరకు ఆయన ఇల్లు పరేల్ చాల్‌లోనే. ఇరుగుపొరుగంతా బట్టల మిల్లుల కార్మికులు. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, 1925లో షోలాపూర్‌లో అణగారిన కులాల విద్యార్థులకు హాస్టల్ తెరిచారు. హాస్టల్ విలువ తెలిసిన మనం ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి.

మిల్లుల్లో కూడా కులం ఉండేది. నేత విభాగంలో జీతం ఎక్కువ. కాని అక్కడ నూలు పోగును నోటితో తడపాల్సి వచ్చేది కాబట్టి అంటరానివారిని ఆ విభాగంలోకి రానిచ్చేవారు కాదు. 1928 బొంబాయి మిల్లు సమ్మె సమయంలో ఆయన ఈ అన్యాయాన్ని కార్మిక నాయకుల ముందే లేవనెత్తారు. అదే ఏడాది బొంబాయి శాసన మండలిలో స్త్రీ కార్మికుల ప్రసూతి సాయం బిల్లును సమర్థించారు. ఆ స్త్రీల శ్రమతో లాభం పొందే యజమాని ఖర్చులో భాగం భరించాలని, ప్రభుత్వమూ బాధ్యత తీసుకోవాలని వాదించారు. పనివల్ల కార్మికుడి శరీరానికి కలిగే భారం ఎవరు మోయాలి అనే ఈ ప్రశ్నే తర్వాత ఆయన కార్మిక శాఖలోనూ ఎదుర్కొన్నారు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ స్థాపించారు. సమ్మె హక్కును దెబ్బతీసే బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబరు 7న కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె నడిపించారు.

అప్పటికి ఉన్న చట్టం

పూర్వం పనిలో కార్మికుడు చనిపోతే అతని కుటుంబం కోర్టుకెళ్లి యజమాని తప్పు రుజువు చేయాలి. రోజుకూలీ భార్యకు అది అయ్యే పని కాదు. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం చేసి, 1924 జూలై 1 నుండి అమలు చేశారు. పని చేస్తుండగా, ఆ పని కారణంగా ప్రమాదం జరిగిందని తేలితే చాలు, యజమాని తప్పు రుజువు చేయనక్కరలేదు. ఇది పెద్ద మార్పే. కాని డబ్బు ఆ ఒక్క యజమాని జేబు నుండే రావాలి. అందువల్ల అతడు ఎగ్గొట్టాలనే చూసేవాడు. మంచాన పడిన కార్మికుడికి వైద్యం, రోజులు గడవడానికి సాయం ఆ చట్టంలో సరిగ్గా లేవు.

కార్మిక శాఖలో నాలుగేళ్లు

1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. నేటి భాషలో కేంద్ర కార్మిక మంత్రి అన్నమాట. ఆగస్టు 7న ఢిల్లీలో ప్రభుత్వాన్ని, యజమానులను, కార్మికులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టిన సమావేశానికి అధ్యక్షత వహించారు.

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బాంబు పడి కార్మికుడు గాయపడితే అది పనివల్ల జరిగిన ప్రమాదం కాదని పాత చట్టం కింద తోసేసే వీలుంది. 1943లో అంబేద్కర్ యుద్ధ గాయాల నష్టపరిహార బీమా బిల్లును ప్రవేశపెట్టి చట్టం చేయించారు. దాని ప్రకారం యజమాని పరిహారం చెల్లించాలి, అందుకోసం ముందే ప్రభుత్వం వద్ద బీమా చేయాలి. పరిహారం ఒక యజమాని మంచితనం మీద ఆధారపడకుండా అందరి చందాతో నడిచే నిధి నుండి రావాలనే ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు వెళ్లి, స్వయంగా గనిలోకి దిగి చూశారు. కార్మికుల ఇళ్లూ చూశారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. గని నుండి వెళ్లే బొగ్గు మీద పన్ను వేసి, ఆ డబ్బుతో ఇళ్లు, నీళ్లు, వైద్యం కల్పించడం దాని ఉద్దేశం. యుద్ధం పేరుతో స్త్రీలను భూగర్భ గనుల్లోకి దించడంపై ఉన్న నిషేధాన్ని 1943లో ప్రభుత్వం సడలించింది. దీనిపై శాసనసభలో విమర్శలు వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ నిషేధం 1946 ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది. అలసిన చేతులే యంత్రాల్లో పడతాయి కాబట్టి పనిగంటలూ ముఖ్యమే. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించారు.

ఇక ఈ.ఎస్.ఐ. సంగతి. ఆయనే ఈ.ఎస్.ఐ. చట్టం చేశారని కొందరు చెబుతారు. జరిగిన క్రమం ఇది. ఆయన శాఖలో ఉండగా 1943 మార్చిలో కార్మికుల ఆరోగ్య బీమాపై పథకం తయారు చేసే పని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944 ఆగస్టులో నివేదిక వచ్చింది. బిల్లు సభకు వచ్చింది 1946 నవంబరులో. అప్పటికి అంబేద్కర్ ఆ పదవిలో లేరు. 1948 ఏప్రిల్‌లో చట్టమైంది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం మొదలైంది. అంటే విత్తనం ఆయన కాలంలో పడింది, పంట తర్వాత వచ్చింది. ఇలా చెప్పడం వల్ల ఆయన గొప్పతనం తగ్గదు.

మన కాలేజీ చదువులకు ఆసరాగా ఉన్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఆ రోజుల్లోనే, 1944-45లో మొదలైంది. దాని వెనుక ఉన్నదీ ఆయన కృషే.

ఈనాడు మనం తెలుసుకోవలసినవి

1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూశారు. 1923 చట్టం, 1948 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. ఆ కోడ్ 2020లో చేసినా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. పేరు మారినా ముఖ్యమైన హక్కులు ఉన్నాయి.

మన ఊళ్లలో పనిలో మనిషి పోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు. కాంట్రాక్టరు ఖర్చులకని కొంత చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. చట్టం లెక్క వేరు. ఈ.ఎస్.ఐ. లేని కార్మికుడు మరణిస్తే నెల జీతంలో సగాన్ని అతని వయసుకు నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. 40 ఏళ్లకు ఆ అంకె 184.17. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 40 ఏళ్ల మనిషి చనిపోతే కుటుంబానికి 11,05,020 రూపాయలు రావాలి. పూర్తిగా పని చేయలేని శాశ్వత వైకల్యం కలిగితే సగానికి బదులు 60 శాతం లెక్కిస్తారు.

హక్కు వదులుకున్నట్లు రాయించుకున్న కాగితం చెల్లదు. మరణ పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ అధికారి వద్ద జమ చేయాలి, నేరుగా చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మేస్త్రీ కింద పని చేసినా అసలు యజమానికి బాధ్యత ఉంటుంది. రెండేళ్లలోగా దరఖాస్తు చేసుకోవాలి. ఈ.ఎస్.ఐ. ఉన్నవారికి ఒకేసారి మొత్తం బదులు పింఛను వస్తుంది. ఆ నియమాల ప్రకారం పనిలో గాయపడి పూర్తిగా పని చేయలేకపోయినా, మరణించినా జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. ప్రమాదం జరిగిన వెంటనే ఆసుపత్రి చీటీలు, పోలీసు ఫిర్యాదు నకలు, జీతం ఎంతో చూపే ఏ చిన్న కాగితమైనా దాచిపెట్టాలి.

మిత్రులారా! మన ఇళ్లలో చదవడం వచ్చిన మొదటి తరం మనమే. పెద్దమనుషుల పంచాయితీలో వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం చదివి చెప్పవలసింది మనమే. ఈ సంచికను సెలవులకు ఇంటికి తీసుకెళ్లండి. ఈ చివరి భాగాన్ని అమ్మానాన్నలకు, వీధిలో కూలికెళ్లే వారికి చదివి వినిపించండి. పూలమాలతో పాటు బాబాసాహెబ్‌కు మనం ఇవ్వగల నివాళి అదే.

జై భీమ్!